పన్నెండో గదిలో ఎవరూ లేరు

నాకు చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. మనిషి ఎక్కడికి వెళ్ళినా తాను వచ్చి వెళ్ళిన గుర్తు మిగలకుండా రావాలని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. తిన్న కంచం ఇంకొకరికి బరువు కాకూడదు, కూర్చున్న చాప మడిచి లేవాలి, మన నీడ కూడా మరొకరి ఎండకు అడ్డం రాకూడదు. మంచి మాటే. నేనూ నా పిల్లలకు అదే చెప్పాను. కానీ రాత్రి దేవుడికి దండం పెట్టుకుని పడుకున్నాక ఒక్కోసారి అనిపిస్తుంది: ఇంత జాగ్రత్తగా జాడలన్నీ తుడిచేసుకుంటూ పోతే, రేపు పైవాడు లెక్క చూసుకునేటప్పుడు మనం అసలు ఈ లోకానికి వచ్చినట్టు ఆయనకైనా ఎలా తెలుస్తుంది?

ఈ మాట నేను ఎవరినీ అడగలేదు. అడిగితే భక్తి తగ్గిందంటారు. మా ఎదురింటి దంపతులు సముద్రం ఒడ్డుకు వెళ్ళొచ్చాక మాత్రం, ఈ సందేహం నా ఒక్కడిదే కాదని తెలిసింది. అక్కడి రిసార్టు మేనేజరుకూ ఇదే వచ్చింది. నాలా ఆయన లోపల దాచుకోలేదు, ఈల వేయించాడు.

ఎదురింటాయనకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అందరూ ఆయన్ను కళ్ళజోళ్ళాయన అనే పిలుస్తారు. మా పేటలో సగం మందికి చూపు సరిచేసిన మనిషి. తన కళ్ళజోడు తీస్తే మాత్రం సొంత చేతివేళ్ళే ఆయనకు దువ్వెనలా కనిపిస్తాయి. ఆవిడ పెద్దాస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి కిందటి నెలలోనే రిటైరైంది. మా వీధిలో నర్సమ్మ అంటే ఆవిడే. పక్క వేయడంలో ఆవిడకు సాటి లేరు. నర్సమ్మ దుప్పటి పరిస్తే చీమ కూడా జారి పడుతుందని వార్డులో చెప్పుకునేవారు. పేషంటు లేచి వెళ్ళాక ఆ మంచం మీద ఎవరూ ఎప్పుడూ పడుకోనట్టే ఉండాలన్నది ఆవిడ నియమం. తర్వాత వచ్చేవాడికి తనకంటే ముందు ఇక్కడ ఎవరో బాధపడ్డారన్న దిగులు ఎందుకు అనేది.

వాళ్ళ పెళ్ళయిన కొత్తలో కళ్ళజోళ్ళాయనకు టైఫాయిడ్ వచ్చింది. నర్సమ్మ రాత్రంతా ఆస్పత్రిలో డ్యూటీ చేసి, తెల్లవారి ఇంటికొచ్చి, మంచం దిగలేని మొగుడి చేతికి కాఫీ అందించేది. జ్వరం తగ్గిన రోజున ఆయన గంభీరంగా, "ఇది నా మీద బాకీ. ఒక్కరోజైనా నువ్వు మంచం మీద ఉండగా నీ చేతికి నేను కాఫీ ఇస్తాను" అన్నాడు.

"ముందు నాకంటే ముందు లేవండి" అంది ఆవిడ నవ్వుతూ.

అదే జరగలేదు. ఆయన ఎంత పెందలాడే లేచినా ఆవిడ అప్పటికే లేచి ఉండేది. అలారం పెట్టుకుంటే, అది మోగే ముందే ఆవిడ దాన్ని నొక్కేసేది. 'పాపం, మంచి నిద్రలో ఉన్నారు' అని. కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళింది. బాకీ అలాగే ఉంది. ఆయన దాన్ని మరిచిపోలేదు. అద్దాలు తుడుస్తూ అప్పుడప్పుడు గుర్తుచేసుకునేవాడు.

రిటైరైనా నర్సమ్మ చెయ్యి ఊరుకోలేదు. ఇంట్లో పేషంట్లు లేకపోయినా పొద్దున, సాయంత్రం మంచాలు సర్దింది. మోకాళ్ళు వాచాయి. విశ్రాంతి కావాలన్నాడు డాక్టరు. కూతురు వెంటనే సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో రెండు రోజులకు గది తీసి ఫోను చేసింది.

"అమ్మా, అక్కడ ఒక్క పని కూడా ముట్టుకోకూడదు. మాటివ్వు."

"సరేనే తల్లీ, ఇచ్చాను."

"నాన్నా, మీరు చూస్తూ ఉండాలి."

"చూడ్డమే కదా నా వృత్తి" అన్నాడు కళ్ళజోళ్ళాయన. లోపల మాత్రం ఆయన లెక్క వేరే. పరాయి చోట, మెత్తటి పరుపు మీద, సముద్రపు గాలికి ఆవిడ ఒక్క గంట ఎక్కువ నిద్రపోతే చాలు. బాకీ తీరిపోతుంది. రాత్రి గదిలో దిగగానే కాఫీ ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నాడు. అలారం చప్పుడుకు ఆవిడ లేవకుండా ఫోను వణికేలా పెట్టి దిండు కింద దూర్చాడు. దేవుడికి దండం పెట్టుకుని, ఆ ఒక్కటీ కోరుకుని పడుకున్నాడు.

ఫోను వణికింది. ఆయన కళ్ళు తెరిచాడు. పక్కన ఎవరూ లేరు.

"లేచారా? మంచిది. మీ కింద దుప్పటి ఒక్కటే మిగిలింది. కాస్త లేస్తే పని అయిపోతుంది" అంది నర్సమ్మ మంచం అవతలి నుంచి.

"నువ్వెప్పుడు లేచావే?"

"ఇప్పుడే."

ఆ ఇప్పుడేలో ఆవిడ స్నానం, తల దువ్వుకోవడం, స్నానాల గది గోడలు పొడిగుడ్డతో తుడవడం అన్నీ అయిపోయాయి. రాత్రి వాళ్ళు పడుకున్నది కూడా రిసార్టు దుప్పట్ల మీద కాదు. అవి మాసిపోతే ఎవరో ఉతకాలి కదా అని ఆవిడ ఇంటినుంచే దుప్పట్లు, దిండు గలేబులు, తువ్వాళ్ళు, సబ్బు తెచ్చింది. ఇప్పుడు అవన్నీ మడిచి పెట్టెలో పెట్టింది. రిసార్టు వాళ్ళ దుప్పటి తీసి మళ్ళీ పరిచి, నాలుగు మూలలూ ఆస్పత్రి పద్ధతిలో బిగించింది. బీరువాలో ఉన్న కంబళ్ళు వాళ్ళు మడిచిన తీరు నచ్చక వాటినీ విప్పి మళ్ళీ మడిచింది.

"గది సర్దడానికి ఇక్కడ మనిషి వస్తుందే" అన్నాడాయన నీరసంగా.

"వస్తుంది. వచ్చి గది ఇలా పడి ఉండడం చూస్తే మన గురించి ఏమనుకుంటుంది?"

"సర్దాలి అనుకుంటుంది."

"మీకు అన్నీ వేళాకోళమే."

"మరి కూతురికి ఇచ్చిన మాటో?"

"ఇదీ ఒక పనేనా? చెయ్యి అలా ఆడించానంతే."

ఆయన ఫోను కూడా ఎక్కడ పడేస్తాడో అని దుప్పట్ల మధ్య పెట్టి, పెట్టె మూసి మంచం కిందికి గోడ దాకా తోసింది. గది తలుపు వేసి, ఒకసారి వెనక్కి చూసుకుంది. లోపల మనిషి జాడ లేదు. ఆవిడ మనసు తృప్తిగా ఉంది.

అప్పుడే తెల్లవారుతోంది. సముద్రం పెద్దగా చప్పుడు చేయకుండా, తన పని తాను చేసుకుపోతోంది. నీళ్ళ దగ్గరకు వెళ్ళేముందు నర్సమ్మ రెండు జతల చెప్పులూ పక్కపక్కన, సముద్రం వైపు తిప్పి పెట్టింది. మీద ఉన్న శాలువా నాలుగు మడతలు పెట్టి వాటి పక్కన ఉంచింది. తర్వాత మొగుడి కళ్ళజోడు తీసి, దాని చిన్న పెట్టెలో పెట్టి, శాలువా మీద పెట్టింది.

"అదెందుకే?"

"కెరటం లాక్కుపోతే? ఇక్కడ మీ దుకాణం లేదు."

ఇద్దరూ తడి ఇసుకలో చాలా దూరం నడిచారు. చివర గొడుగు కింద గుడ్డ పడక్కుర్చీలు వేసి ఉన్నాయి. నర్సమ్మ ఒకదాని మీద చేరబడి కాళ్ళు చాపింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని, "అమ్మయ్య" అంది. ఆ మాట ఆవిడ నోటి వెంట ఆయన చాలా కాలంగా వినలేదు. వెంటనే ఆయనకు ఆశ పుట్టింది. పడక్కుర్చీ మంచానికి తమ్ముడి వరస. దాని మీద అందించినా బాకీ తీరినట్టే.

"ఇక్కడే ఉండు. కదలకు. లేవకు."

"ఎందుకండీ?"

"ఊరికే. ఇప్పుడే వస్తా."

కళ్ళజోడు లేదన్న సంగతి ఆయనకు నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకుందామా అంటే, ఆలోపు ఆవిడ లేస్తుందేమో. భోజనాల హాలు తెల్లగా ఉంటుందని రాత్రి చూసుకున్నాడు కాబట్టి, తెల్లగా కనిపించిన దాని వైపు నడిచాడు. అది ఉతికిన దుప్పట్లు ఆరేసిన తీగ. అక్కడినుంచి ఇంకో తెల్లటి దాని వైపు నడిచాడు. అది నీళ్ళ ట్యాంకు.

ఆయన అలా తెల్లటివన్నీ చుట్టి వస్తుండగా, గదులు సర్దే ఆమె పన్నెండో గది తలుపు తీసింది. గదిని చూసి అందులో దిగినవాళ్ళు ఎలాంటివాళ్ళో చెప్పగలనని ఆమెకు గర్వం. దిండు నలిగిన తీరు చూసి మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటున్నారో లేదో కూడా చెప్పేదట. పన్నెండో గదిని ఆమె కాసేపు అటూ ఇటూ చూసింది. పక్క నలగలేదు. తువ్వాళ్ళు మడత విప్పలేదు. సబ్బు కాగితం చింపలేదు. స్నానాల గదిలో ఒక్క నీటి చుక్క లేదు. చెత్తబుట్ట దేవుడి గదిలా ఉంది. ఆమె సరాసరి మేనేజరు దగ్గరకు వెళ్ళింది.

"సార్, పన్నెండో గదిలో ఎవరూ లేరు."

"బయటికి వెళ్ళుంటారు."

"బయటికి కాదు సార్. రాత్రి అసలు లోపలికే రాలేదు. ఆ పక్క మీద ఎవరూ పడుకోలేదు."

"రాత్రి డ్యూటీ కుర్రాడు తాళం ఇచ్చినట్టు రాసి ఉందే! పెద్దవాళ్ళు, మొగుడూ పెళ్ళాం."

"ఒట్టు సార్. దిండు మీద ఒక్క వెంట్రుక లేదు."

మేనేజరు ఆ ఉద్యోగంలో కొత్తగా చేరాడు. దేనికైనా తనను తప్పుపడతారేమోనని కొంచెం భయం ఉన్న మనిషి. ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే తీరం కాపలా ఆయన, మెడలో ఈలతో, చేతిలో ఒక పళ్ళెంతో వచ్చాడు. పళ్ళెంలో రెండు జతల చెప్పులు, శాలువా, కళ్ళజోడు పెట్టె ఉన్నాయి.

"నీళ్ళ అంచున దొరికాయి సార్. చుట్టుపక్కల ఎవరూ లేరు."

"ఎలా పడి ఉన్నాయి?"

"పడి లేవు సార్, పెట్టి ఉన్నాయి. పక్కపక్కన, సముద్రం వైపు తిరిగి. నా సర్వీసులో ఇంత పద్ధతిగా విడిచిన చెప్పులు నేను చూడలేదు."

మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. స్నానానికి దిగేవాళ్ళు చెప్పులు ఎక్కడివక్కడ విసిరేసి పరిగెత్తుతారు. ఇంత నెమ్మదిగా సర్ది పెట్టారంటే, వాళ్ళకు తిరిగొచ్చే తొందర లేదన్నమాట. ఆయన వెంటనే గది తీసుకున్నప్పుడు ఇచ్చిన నంబరుకు ఫోను చేశాడు. అది కూతురిది.

"అమ్మా, మీ అమ్మానాన్నలు రాత్రి ఇంటికేమైనా వచ్చేశారా?"

"లేదండీ! ఎందుకు?"

"ఏం లేదమ్మా. ఊరికే."

మనుషుల్ని హడలగొట్టడానికి ఆ రెండు ముక్కలకు మించినవి లేవు. కూతురు తండ్రికి ఫోను మీద ఫోను చేసింది. మంచం కింద పెట్టెలో, దుప్పట్ల మధ్య, ఆ ఫోను చప్పుడు చేయకుండా వణికి వణికి ఊరుకుంది. ఆ పిల్ల మొగుణ్ణి లేపి కారు తీయించింది. వాళ్ళ ఊరినుంచి రిసార్టుకు అరగంట దారే.

ఇక్కడ ఈల మోగింది.

కళ్ళజోళ్ళాయన భోజనాల హాలు చేరుకునేసరికి కాఫీ పోసే ఆయన గిన్నె మీద మూత పెట్టేసి బయటికి పరిగెత్తుతున్నాడు.

"బాబూ, ఒక కాఫీ. మంచి కప్పులో."

"కాఫీ తర్వాత సార్! ఎవరో ముసలి జంట కనబడ్డం లేదట. అందర్నీ ఒడ్డుకు రమ్మన్నారు."

"అయ్యయ్యో! బాగా ముసలివాళ్ళా?"

"మీకంటే చాలా పెద్దవాళ్ళే అయ్యుంటారు."

ఆ మాట ఆయనకు కాస్త నచ్చింది కూడా. కాఫీ మాట పక్కన పెట్టి, మనసులో దేవుణ్ణి తలుచుకుని, ఆయనా ఒడ్డుకు నడిచాడు. అప్పటికే అక్కడ బసకు వచ్చినవాళ్ళు, పనివాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. మేనేజరు తన ఫోనులో ఒక ఫోటో అందరికీ చూపిస్తూ వస్తున్నాడు. గది తీసుకోవడానికి కూతురు పంపిన గుర్తింపు కార్డు ఫోటో అది. ఎప్పుడో మీసాలు, నల్లటి జుట్టు, మందపాటి అద్దాలు ఉన్న రోజుల్లోది.

ఫోను కళ్ళజోళ్ళాయన ముందుకు వచ్చింది. ఆయనకు అందులో ఒక మసక, మసకలో ఇంకొంచెం నల్లటి మసక కనిపించాయి. నాకు కనబడ్డం లేదు అనడానికి నోరు రాలేదు. కళ్ళజోళ్ళు అమ్మేవాడు నలుగురిలో అనే మాటేనా అది?

"పాపం" అన్నాడు. "మంచి మనిషిలా ఉన్నాడు."

"ఎక్కడైనా చూశారా సార్?" మేనేజరు ఆత్రంగా అడిగాడు.

"చూసినట్టే ఉంది."

"ఎక్కడ? ఎప్పుడు?"

"అదే గుర్తు రావడం లేదు. రోజూ చూసే ముఖంలా ఉంది."

"రోజూనా!"

"అంటే, అలాంటి ముఖాలు రోజూ కనిపిస్తూనే ఉంటాయిలెండి. ఏ గదిలో దిగారు వాళ్ళు?"

"పన్నెండు. మీది?"

"ఏమో, తాళం మా ఆవిడ దగ్గర ఉంటుంది" అని ఆయన వరసలో చేరి, అందరికంటే పెద్ద గొంతుతో, "అయ్యా! పెద్దాయనా! ఎక్కడున్నారండీ?" అని పిలవడం మొదలుపెట్టాడు.

ఈల పడక్కుర్చీ దాకా వినిపించింది. కదలకు అని మొగుడు చెప్పిన మాట, పని చేయకు అని కూతురు తీసుకున్న మాట, రెండూ కలిసి నర్సమ్మను ఒక్క క్షణం పట్టి ఉంచాయి. ప్రాణం పెద్దదా, మాట పెద్దదా అని ఆవిడ దేవుణ్ణి అడిగింది. జవాబు వచ్చేలోపే లేచి నడుస్తోంది.

"జరగండి, జరగండి. నేను హెడ్‌నర్సుని. ఎవరికేమైంది?"

మేనేజరుకు ప్రాణం లేచి వచ్చింది. "ఒక పెద్దాయన, పెద్దావిడ అమ్మగారూ. సముద్రంలోకి వెళ్ళారేమోనని..."

"ముందు అది ఆపండి. 'ఏమోనని' అని వార్డులో అనకూడదు. ఆ బల్ల ఇటు తెండి. నీళ్ళు కాచండి. కంబళ్ళు కావాలి, పొడిగా ఉన్నవి."

బల్ల ఎక్కడ వేయాలో నర్సమ్మ చూపిస్తుండగా, మేనేజరు గదులు సర్దే ఆమెను పక్కకు పిలిచి చెప్పాడు. "పన్నెండో గదిలోవి తీసుకురా. అవి ఎలాగూ ఎవరూ వాడలేదు."

కంబళ్ళు వచ్చాయి. నర్సమ్మ పైదాన్ని చేత్తో తడిమి, మడత చూసి ఆగిపోయింది. ముఖం వెలిగింది.

"ఈ మడత ఎవరు వేశారమ్మా? అంచుకు అంచు, గీత గీసినట్టు! ఇంత బుద్ధిగా మడిచేవాళ్ళు ఇంకా ఉన్నారా? మా వార్డు పిల్లలకు ఎన్నాళ్ళు నేర్పినా రాలేదు."

గదులు సర్దే ఆమె సిగ్గుపడి తల దించుకుంది. "నేనే అమ్మగారూ" అంది.

"చేతులు బంగారం తల్లీ నీవి" అంది నర్సమ్మ. తర్వాత మేనేజరును అడిగింది. "ఆ పెద్దావిడకు జబ్బేమైనా ఉందా?"

"తెలీదండీ. రాత్రంతా గదిలో లేరు. పక్క మీద పడుకోనేలేదు."

"ఆ వయసులో రాత్రంతా తిరగడమేంటి? ఆయనకు లేకపోతే ఆవిడకైనా ఉండొద్దూ బుద్ధి? దొరకనివ్వండి. వేడి నీళ్ళు పట్టించి, తర్వాత నేను అడుగుతాను."

అంతలో నీళ్ళలోంచి "దొరికారు! దొరికారు!" అని కేక వినిపించింది. నడుములోతు నీళ్ళలో ఒకాయన రెండు చేతులూ చాపి ముందుకు పోతున్నాడు. ఆయన పట్టుకోబోతున్నది వలకు కట్టే నల్లటి ప్లాస్టిక్ డబ్బా. దూరం నుంచి అందరికీ అది డబ్బాగానే కనిపిస్తోంది. ఆయనకొక్కడికే తలకాయలా కనిపిస్తోంది. ఒక కెరటం వచ్చింది. మనిషి మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. కాపలా ఆయన ఉరికి రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు.

నర్సమ్మ వాచిన మోకాళ్ళతో పరిగెత్తింది. ఇసుక మీద చతికిలబడి దగ్గుతున్న మొగుణ్ణి చూసి, వీపు చరిచి, నాడి పట్టుకుని చూసి, అప్పుడు నోరు తెరిచింది.

"మీకేం పనండీ ఇక్కడ? ఇప్పుడే వస్తానని వెళ్ళింది ఇందుకా? చూపు ఆనని మనిషి నీళ్ళలోకి ఎలా దిగుతారు? ఒక జంట పోయింది చాలదా, నన్ను కూడా ఒంటరిదాన్ని చేద్దామనా?"

ఆయన ఉప్పునీళ్ళు ఉమ్మి, "నేను కాఫీకి వెళ్ళానే" అన్నాడు.

"ఎవరికి?"

ఆయన ఆవిడ వైపు చూసి, తడి చొక్కా అంచు పిండుకున్నాడు. ఆవిడ కంబళి తెచ్చి ఆయనకు చుట్టింది. "ముందు ఆ కళ్ళజోడు పెట్టుకోండి. ఏదీ?"

"చెప్పుల దగ్గర నువ్వే పెట్టావుగా."

"వస్తూ చూశాను. చెప్పులు లేవు, శాలువా లేదు. ఎవరో ఎత్తుకుపోయారు. ఇంత పెద్ద చోట దొంగతనాలా!"

కాపలా ఆయన నోట్లోంచి ఈల జారింది. ఆయన నెమ్మదిగా వెళ్ళి, పళ్ళెం పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. "ఇవేనా అమ్మగారూ?"

"ఇవే! మీరా తీసింది? చూస్తే పెద్దమనిషిలా ఉన్నారు!"

కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. లోకం మళ్ళీ అంచులతో సహా కనిపించింది. ఎదురుగా మేనేజరు చేతిలో ఫోను కూడా కనిపించింది. దగ్గరకు తీసుకుని చూశాడు.

"ఇది నేనే కదా! మీసం ఉన్నప్పటిది. మీకెవరిచ్చారిది?"

కాపలా ఆయన ఫోటోనూ, కళ్ళజోళ్ళాయన ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు.

"చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడం విన్నాను సార్. బిడ్డే ముందు నడిచి వెతకడం ఇప్పుడే చూస్తున్నా."

అందరూ నవ్వారు, మేనేజరు తప్ప. భయం పోయిన చోట ఆయనకు కోపం వచ్చింది. గదులు సర్దే ఆమె మీదికి తిరిగాడు. "ఏమ్మా, ఒట్టు వేసి చెప్పావే, ఎవరూ పడుకోలేదని! ఇంతమందిని పరుగులు పెట్టించావు! గదిలోకి వెళ్ళే చూశావా, తలుపు దగ్గర నిలబడి చెప్పేశావా?"

"దేవుడి మీద ఒట్టు సార్! కావాలంటే మీరే వచ్చి చూడండి" అని ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

అందరూ పన్నెండో గదికి బయల్దేరారు. గది ముందే కారు ఆగి ఉంది. కూతురు దిగి, తల్లిని వాటేసుకుని ఏడ్చి, తండ్రి తడి చొక్కా చూసి ఇంకా ఏడ్చి, కళ్ళు తుడుచుకోగానే కేకలు మొదలుపెట్టింది.

"రాత్రి ఎక్కడ పడుకున్నారమ్మా మీరిద్దరూ?"

"ఇక్కడేనే."

"అమ్మా, నిజం చెప్పు."

మేనేజరు తలుపు తీశాడు. మంచం మీద దుప్పటి, ఉతికి ఇస్త్రీ చేసి పరిచిన నిశ్చలమైన చెరువులా ఉంది. కూతురు దాన్ని చూసి, తల్లిని చూసి, అనుమానంగా తండ్రిని చూసింది. రాత్రి ఎక్కడున్నారని అమ్మానాన్నలను కన్నబిడ్డ నిలదీసే రోజు వస్తుందని నర్సమ్మ ఎన్నడూ అనుకోలేదు. మోకాళ్ళ మీద వంగి, మంచం కింద నుంచి పెట్టె లాగి తెరిచింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, తడి సబ్బు, అలసిపోయిన ఫోను బయటపడ్డాయి.

"ఈమెనేం అనకండి బాబూ" అంది మేనేజరుతో. "ఈమె చెప్పింది నిజం. తప్పు నాది. ఒకరికి పని పెట్టకూడదని నేనే అన్నీ సర్దేశాను."

గదులు సర్దే ఆమె ముక్కు తుడుచుకుంది. "నా పని మీరే చేసేస్తే ఇక్కడ నేనెందుకమ్మగారూ? ఎవరికీ బరువు కాకూడదనుకుని నాకే బరువయ్యారు. పక్క కాస్తయినా నలపాలమ్మా." ఒక క్షణం ఆగి, చిన్నగా అంది. "ఆ కంబళ్ళ మడత కూడా మీదే. ఇందాక అబద్ధం చెప్పాను."

"తెలుస్తూనే ఉందిలే" అంది నర్సమ్మ. నిజానికి ఆవిడకూ అప్పుడే తెలిసింది.

మేనేజరుకు మాత్రం నమ్మకం కుదరలేదు. "పడుకున్న పక్కను మళ్ళీ ఇలా చేయడం మనిషి వల్ల అవుతుందా?"

వృత్తి మీదికి వచ్చిన మాట ఆవిడ ఓర్చుకోలేదు. "చూపిస్తాను. ఇప్పుడు నేను పడుకుంటాను, లేస్తాను, మీ ఎదురుగానే పక్క వేస్తాను. అందరూ ఇటు వచ్చి చూడండి. ఏమ్మా, నువ్వు ముందుకు రా, నేర్చుకో."

ఆవిడ మంచం ఎక్కి, పేషంటులా వెల్లకిలా పడుకుంది. "తల ఇక్కడుంటుంది. కాళ్ళు ఇలా. ఇప్పుడు లేచేముందు కుడి వైపు అంచు..." అంది. అక్కడ ఆగింది.

అందరూ కుడి వైపు అంచు చూశారు. కాసేపు అలాగే చూశారు.

"తర్వాతేంటి అమ్మగారూ?" అన్నాడు మేనేజరు.

జవాబుగా సన్నటి గురక వినిపించింది.

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ పగలు నిద్రపోవడం ఆ పిల్ల పుట్టి చూడలేదు. కళ్ళజోళ్ళాయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు. అల్లుడు తెర లాగాడు. ఒకరి వెనక ఒకరు మునివేళ్ళ మీద బయటికి నడిచారు. కాపలా ఆయన ఈలను గుప్పిట్లో గట్టిగా మూసి పట్టుకున్నాడు, అది తనంతట తాను మోగుతుందేమో అన్నట్టు.

కళ్ళజోళ్ళాయన బట్టలు మార్చుకుని, చెప్పులు వేసుకుని, కళ్ళజోడు సరిచేసుకుని భోజనాల హాలుకు వెళ్ళాడు. ఈసారి ఒక్క నీళ్ళ ట్యాంకు కూడా దారిలో తగల్లేదు. మంచి కప్పులో కాఫీ తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. అది చల్లారింది. వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. అదీ చల్లారింది. కాఫీ పోసే ఆయన ఏమీ అడగకుండా మళ్ళీ పోశాడు. ఆవిడ దిండు మీద బుగ్గ నలిగి, జుట్టు చెదిరి, ఒక కాలు దుప్పటి మూలను పూర్తిగా ఊడదీసి పడుకుని ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నిద్రపోయే ముఖాన్ని ఇంతసేపు తాను చూడలేదని ఆయనకు తట్టింది. రాత్రి కోరుకున్నది దేవుడు ఇలా తిప్పి తిప్పి ఇచ్చాడే అనుకున్నాడు.

ఎండ పసుపు రంగుకు తిరిగాక నర్సమ్మ కళ్ళు తెరిచింది.

"ఏంటండీ అది?"

"కాఫీ."

ఆవిడ గబుక్కున లేవబోయింది.

"లేవకు! లేస్తే లెక్కలోకి రాదు."

ఆవిడకు అర్థమైంది. మెల్లగా దిండుకు ఆనుకుని, చెయ్యి చాపింది. ఆయన కప్పు ఆ చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక గుక్క తాగింది.

"చక్కెర తక్కువైంది."

"ఇంకొకటి తెస్తాను."

"వద్దు. తీరిన బాకీ మళ్ళీ తీర్చకూడదు."

కప్పు ఖాళీ చేసి, అలవాటు కొద్దీ కడగడానికి లేచింది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ కప్పును చూసింది, పొద్దున గదులు సర్దే ఆమె నిలబడ్డ గుమ్మం వైపు చూసింది, ఎంతో కష్టం మీద దాన్ని అలాగే బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు పొద్దున గదులు సర్దే ఆమె ఆ కప్పునూ, నలిగిన దుప్పటినీ చూసి, గుమ్మంలోంచే కేక వేసింది.

"సార్, పన్నెండో గదిలో మనుషులున్నారు!"